ఆ ఊరి వాకిట్లో చెల్లెలు ఎందుకు ఆగిపోయింది?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. బడిలో ఒడియాలో పాఠం చెబుతాను, ఇంటికి వచ్చి తెలుగులో రాసుకుంటాను. నాలుగేళ్లుగా ఒక ఊహాలోకపు నవల రాస్తున్నాను. మహేంద్రగిరి మీద, మబ్బుల చాటున, వెన్నెలపాడు అనే ఊరు. అక్కడ ఆకలి లేదు, కులం లేదు, రోగం లేదు. ఊరి జనం మూడు భాషలు మాట్లాడతారు. ఊరి వాకిట మర్యాదస్తులైన కాపలావాళ్లు కాచే ఊట ఒకటి ఉంటుంది. అందులో మునిగితే చూపు లేనివారికి చూపు వస్తుంది, నడవలేనివారు నడుస్తారు. అందువల్ల ఊళ్లో వికలాంగులు ఒక్కరూ లేరు. కథ మొత్తం మీద కుంటుతూ నడిచేవాడు ఒక్కడే, ఊరి మీద పగబట్టిన మాంత్రికుడు.

నా చెల్లెలికి రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. ఇప్పుడు ముప్పై నాలుగేళ్లు. ఎడమకాలికి క్యాలిపర్, చేతిలో ఊతకర్ర. నేను ఏది రాసినా మొదట చదివేది తనే. ఆరు అధ్యాయాలు చదివి, కాగితాలు నా చేతిలో పెట్టి, “అక్కా, నేను మీ ఊరికి వస్తే నన్ను వాకిట్లోనే ఆపేసి, ఇంకెవరినో లోపలికి పంపిస్తారన్నమాట” అంది. మూడు నెలలైంది, మళ్లీ నవల ఊసు ఎత్తలేదు. బాధ లేని లోకాన్ని ఊహించుకోవడం తప్పా? చెల్లెలిలాంటి పాత్రను ఒకదాన్ని చేరిస్తే సరిపోతుందా? దివ్యాంగులు అని రాయాలా, వికలాంగులు అని రాయాలా? చిన్న సందేహం ఇంకొకటి: ఇనుము ఎరగని ఆ ఊళ్లో ఊతకర్రను దేనితో చేస్తారు?

— ఒక అక్క

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. చదివిన ప్రతిసారీ మీ చెల్లెలి మాట దగ్గర ఆగిపోయాను. ‘నన్ను బాగుచేస్తారు’ అని ఆమె అనలేదు. ‘నన్ను ఆపేసి ఇంకెవరినో పంపిస్తారు’ అంది. ముప్పై రెండేళ్లుగా ఆ కాలితోనే బడికి వెళ్లింది, ఆ కాలితోనే మీతో గొడవపడింది, ఆ కాలితోనే మెట్లెక్కి మీ అధ్యాయాలు చదవడానికి వచ్చింది. ఆ కాలు తీసేసి వేరే కాలు పెడితే మిగిలేది తనేనా అన్న సందేహం ఆమెకు వచ్చింది. మీకు రాలేదు. మీ మధ్య వచ్చిన ఎడం అంతా అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

బాధ లేని లోకాన్ని ఊహించడం తప్పు కాదు. ఆ ఊహే లేకపోతే పోలియో చుక్కలు వచ్చేవి కావు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. కొండ ఊళ్లలో ఐస్ డబ్బా భుజాన వేసుకుని గడప గడపకూ తిరిగిన కార్యకర్తలను తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. అయితే పోలియో పోయింది గానీ, పోలియో వచ్చినవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఉద్యోగాలు చేస్తున్నారు, పిల్లలను పెంచుతున్నారు, నవలలు చదువుతున్నారు. జబ్బు రాకుండా చూసుకున్న ఊరు వేరు, జబ్బు వచ్చి వెళ్లిన మనిషి కంటబడకుండా చూసుకున్న ఊరు వేరు. వెన్నెలపాడులో మీకు తెలియకుండానే ఈ రెండూ కలిసిపోయాయి.

ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. ఆదర్శ రాజ్యాన్ని కాగితం మీద కట్టిన మొదటివాళ్లలో ఒకడైన ప్లేటో, అవయవ లోపంతో పుట్టిన శిశువులను ఎవరికీ తెలియని చోట దాచిపెట్టాలని రాశాడు. 1516లో ‘యుటోపియా’ అనే మాటను పుట్టించిన థామస్ మోర్ అంతకంటే మెత్తనివాడు. ఒకరి అంగవైకల్యాన్ని చూసి నవ్వితే సిగ్గుపడవలసింది నవ్వినవాడే అన్నాడు. అదే పుస్తకంలో, నయం కాని జబ్బుతో నరకయాతన పడేవారి దగ్గరకు పూజారులూ అధికారులూ వెళ్లి, ఇక ప్రాణం విడవడమే మేలని నచ్చజెబుతారు. ఎగతాళి చేయరు, కానీ ఉండమని కూడా అనరు. మీ ఊట దగ్గర నిలబడ్డ మర్యాదస్తులైన కాపలావాళ్లను చదువుతుంటే నాకు ఈ పూజారులు గుర్తొచ్చారు.

మన కథలూ తక్కువ తినలేదు. అష్టావక్రుణ్ణి చూడండి. తల్లి కడుపులో ఉండగానే తండ్రి వేదపాఠంలో తప్పు పట్టినందుకు ఎనిమిది వంకరలతో పుట్టమని ఆ తండ్రే శపించాడు. జనకుడి కొలువులో వంది అనే పండితుణ్ణి వాదంలో ఓడించి, నీట మునిగిన తండ్రిని తిరిగి తెచ్చుకున్నది ఆ ఎనిమిది వంకరల ఒంటితోనే. ఇక్కడితో కథ ఆగితే ఎంత బాగుండేది! మహాభారతంలో అలా ఆగదు. తండ్రి మాట మీద సమంగా అనే నదిలో మునుగుతాడు, అవయవాలన్నీ సరి అవుతాయి. అంతకు ముందే గెలిచేశాడు కదా, మళ్లీ ఈ బహుమతి ఎందుకు? భాగవతంలో కంసుడికి చందనం తీసే కుబ్జ సంగతీ అంతే, కృష్ణుడు గడ్డం పట్టి ఎత్తగానే నిటారు అవుతుంది. రామాయణంలో గూని మంథర నిటారు కాలేదు, ఎందుకంటే ఆమె చెడ్డది. మంచివాళ్లకు వంకర తీరుతుంది, చెడ్డవాళ్లకు మిగులుతుంది. మీ కుంటి మాంత్రికుడు ఈ లెక్కలోంచే నడిచి వచ్చాడు. అతని పగకు సరైన కారణం మీ ఆరు అధ్యాయాల్లో ఉందో లేదో ఒకసారి వెతకండి. లేకపోతే కుంటితనాన్నే కారణంగా వాడుకున్నారని అర్థం. మీ చెల్లెలు ఊట కంటే ముందు అతన్ని చూసే ఉంటుంది.

నేనూ ఈ తప్పు చేశాను. పాతికేళ్ల కిందట ఒక పిల్లల కథ రాశాను. మాటలు రాని పిల్లవాడు అమ్మవారి జాతరలో గొంతు విప్పుతాడు. రాసినప్పుడు నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. కొన్నాళ్లకు రాయగడ బస్టాండులో ఒక తండ్రి పలకరించి, “మావాడు మీ కథ చదివాడండీ. మన జాతర ఎప్పుడని సైగ చేసి అడుగుతున్నాడు” అన్నాడు. కోపంగా అనలేదు. ఆ పిల్లవాడికి ఏమని చెప్పాలో నాకు తెలియలేదు, అతనికీ తెలియలేదు. ఆ కథను మళ్లీ ఎక్కడా అచ్చుకు ఇవ్వలేదు.

అయితే మీరూ నేనూ ఉన్న నేలలోనే దీనికి విరుగుడు ఉంది. ఏటా ఆషాఢంలో మనం లాగే రథం మీద ఎవరుంటారు? ఇంద్రద్యుమ్నుడి రాణి గడువు తీరకముందే తలుపు తెరిపించిందనీ, లోపలి శిల్పి పని సగంలో వదిలి మాయమయ్యాడనీ, అందుకే జగన్నాథుడికి పూర్తి చేతులు లేవు, పాదాలు లేవు అనీ చెప్పుకుంటాం. కొయ్య విగ్రహాలను మార్చే నవకళేబరం నాడు పాత దారువు పోయి కొత్త దారువు వస్తుంది. మొన్న 2015లో జరిగింది, అంతకు ముందు 1996లో. కొత్త విగ్రహం చెక్కేటప్పుడు ఇప్పుడైనా వేళ్లు పెడదామని ఎవరూ అనలేదు. ఆ రూపమే దేవుడు. పూరీ గుడి ఇరవై రెండు మెట్ల మీదుగా ఆయనను సేవకులు పొదివి పట్టుకుని, ఊపుతూ, ఆపుతూ నడిపించి తెస్తారు. ఆ పహండిని చూడటానికి లక్షల మంది వస్తారు. ఒకరు పట్టుకుంటే నడవడం అక్కడ ఉత్సవం. గుడి లోపలికి రాలేని వారి దగ్గరకు దేవుడే వీధిలోకి వస్తాడు. మెట్ల దగ్గర మీ చెల్లెలిలాంటివారు ఎందరో ఆగిపోతున్నారని నాకు తెలుసు. దేవుడికి చేసినంత ఏర్పాటు మనిషికి చేయలేదు. కానీ ఊహ మాత్రం మన చేతుల్లోనే ఉంది. మహేంద్రగిరి మీద ఊరు కట్టే మీకు ఇంతకంటే దగ్గరి ఆధారం ఎక్కడ దొరుకుతుంది?

ఇక ఊరు కట్టే పని మాట్లాడుకుందాం, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మన ఘాట్ రోడ్లు మీరు ఎన్నిసార్లు ఎక్కారో! బస్సు నిటారుగా కొండ ఎక్కలేదు. అందుకని బస్సును ఎవరూ ఊటలో ముంచలేదు. కొండను తొలిచి, మలుపు మీద మలుపు తిప్పి, బస్సుకు తగిన దారి వేశారు. ఎంత ఖర్చు, ఎంత శ్రమ! బస్సుకు ఇంత చేసి పెట్టామే అని ఎవరూ గొణగరు. చక్రాల కుర్చీకి వేసే వాలుదారి లెక్క కూడా ఇలాంటిదే. ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలని మన నిబంధనలే చెబుతున్నాయి. పది అడుగుల అరుగు ఎక్కాలంటే నూట ఇరవై అడుగుల దారి. ఈ ఒక్క లెక్కను వెన్నెలపాడు మీద పెట్టి చూడండి, ఊరి రూపమే మారిపోతుంది. వీధులు పొడవుగా కొండ చుట్టూ తిరుగుతాయి. మలుపు మలుపు దగ్గర కూర్చునే అరుగులు వస్తాయి. ముసలివాళ్లు, నిండు గర్భిణులు, కావడి మోసేవాళ్లు అందరూ అక్కడ కలుస్తారు, మాటలు కలుస్తాయి, మీకు సన్నివేశాలు దొరుకుతాయి.

ఊరంటే మనిషి ఒంటిని బట్టి కట్టుకున్నదే అని గట్టిగా చూపించిన కథ ఒకటి ఉంది. 1904లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ రాశాడు. కొండల నడుమ ఒక లోయ, తరతరాలుగా అక్కడ అందరూ అంధులే. ఇళ్లకు కిటికీలు ఉండవు. బాటల అంచుల మీద ఏ బాటకు ఆ బాటకు వేరే గంటు ఉంటుంది. ఎండ వేళ నిద్రపోయి చల్లని వేళ పనిచేస్తారు. చూపున్నవాడొకడు జారిపడి ఆ లోయలోకి వస్తాడు, వీళ్లకు తానే రాజునవుతానని అనుకుంటాడు. చివరికి ఊరివాళ్లు ఏమంటారో తెలుసా? ఇతని పిచ్చికి కారణం ముఖం మీద ఉబ్బిన ఆ రెండు వస్తువులు, వాటిని కోసి తీసేస్తే బాగుపడతాడు, అప్పుడు పిల్లనిస్తాం అంటారు. వాళ్లూ అతన్ని ప్రేమతోనే బాగుచేయబోయారు. మీ ఊటను ఈ వైపు నుంచి ఒకసారి చూడండి.

కథల్లోనే కాదు, నేల మీదా ఇలాంటి ఊరు ఉండేది. అమెరికా తూర్పు తీరంలో మార్తాస్ వైన్‌యార్డ్ అనే దీవి. కుటుంబాల్లో వంశపారంపర్యంగా వచ్చిన చెవుడు వల్ల అక్కడి చిల్‌మార్క్ అనే ఊళ్లో 19వ శతాబ్దంలో పాతిక మందిలో ఒకరు వినికిడి లేనివారు. దానికి ఊరు చేసిందేమిటంటే, వినగలిగినవాళ్లంతా కూడా పసితనం నుంచే సైగల భాష నేర్చుకున్నారు. పడవ నుంచి పడవకు సైగలతోనే మాట్లాడుకునేవారు. తర్వాతి కాలంలో పరిశోధన చేసిన నోరా గ్రోస్ అక్కడి పెద్దావిడను ఇద్దరు పాతకాలపు మనుషుల గురించి అడిగితే, ఇద్దరూ మంచి జాలరులని మొదట చెప్పిందట. ఇద్దరికీ చెవుడు కదా అని గుర్తు చేస్తే, అవును, ఆలోచిస్తే ఇద్దరూ చెవిటివాళ్లే అన్నదట. ఆ చెవుడును వంశపారంపర్యంగా మోసిన చివరి దీవివాసి 1952లో కన్నుమూసింది.

మన సరిహద్దు వాళ్లకు ఇది వింతగా ఉండకూడదు. పర్లాకిమిడి సంతలో ఒక కూరగాయల ఆవిడ మీతో తెలుగులో, పక్కనున్న వారితో ఒడియాలో, గుమ్మ వైపు నుంచి వచ్చిన సవర మనిషితో నాలుగు సవర మాటల్లో బేరం చేస్తుంది. ఎదుటి మనిషిని బట్టి నాలుకను వంచడం మనకు పుట్టుకతో వచ్చింది. మీ వెన్నెలపాడు జనం మూడు భాషలు మాట్లాడతారని రాశారు. నాలుగోది చేతులతో మాట్లాడేదైతే ఆ సంతకు బరువా?

మీ ఊళ్లోనే ఇంకొకరున్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూ, సవరల కొండల్లో తిరిగి వాళ్ల భాష నేర్చుకున్నారు. మన్యం జ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైను ఆయన వినికిడిని తీసుకుపోయింది. సవర భాష మీద ఆయన వ్యాకరణ గ్రంథం 1931లో వచ్చింది. జనం నోట పలికే తెలుగును పుస్తకాల్లోకి తేవాలని జీవితమంతా పోరాడిన మనిషికి చెవులు సరిగా వినపడేవి కావు. ఆగస్టు 29న సభల్లో పూలమాల వేస్తాం గానీ ఈ సంగతి ఎక్కువగా చెప్పుకోం. చెప్పినా ‘చెవుడు ఉన్నా ఎంత సాధించారో’ అంటాం. నాకు ఆ ‘ఉన్నా’ నచ్చదు. ఆయన పని చేసింది ఆ చెవులతోనే, ఆ చెవులకు గట్టిగా చెప్పే ఓపికున్న మనుషుల మధ్యనే. మీ పాత్రలకు కావలసింది అలాంటి మనుషులు.

ఇంతకూ పాత్రను చేర్చడం గురించి అడిగారు. ఒక్కరిని చేర్చకండి. ఊరంతటికీ ఒక్కరే ఉంటే ఆమె మనిషిగా మిగలదు, ప్రతినిధి అయిపోతుంది. అంధుడికి దివ్యదృష్టి, నడవలేని అమ్మాయికి గాల్లో తేలే శక్తి ఇచ్చి లెక్క సరిచేయకండి. నాయకుడికి కన్నీళ్లు తెప్పించడానికి ఎనిమిదో అధ్యాయంలో ఆమెను చంపకండి. ఎవరికో ధైర్యం నూరిపోసే పని ఆమెకు అప్పజెప్పకండి. ఆమెకు కోపం రానివ్వండి, తప్పు చేయనివ్వండి, ఎవరినైనా ఇష్టపడనివ్వండి, ఊరి పంచాయతీలో ఓడిపోయి మళ్లీ వాదించనివ్వండి. వాన పడితే ఊతకర్ర ఎక్కడ జారుతుందో ఆమెకు తెలియాలి, కాబట్టి మీకూ తెలియాలి.

ఊటను తీసేయమని నేను అనను. నొప్పితో రాత్రుళ్లు నిద్రపట్టని మనిషి ఆ నీళ్లు అడిగితే కాదనడానికి నేనెవరిని? మునగడం ఎవరి ఇష్టం వారిదిగా ఉంచండి. ఊటను ఊరి వాకిట్లోంచి తీసి ఎక్కడో తోటలో పెట్టండి. మునిగినవాళ్లూ మునగనివాళ్లూ పక్క పక్క ఇళ్లలో ఉంటే వాళ్ల మధ్య ఏం నడుస్తుంది? అక్క మునిగి చెల్లెలు మునగకపోతే? మీ నవల అసలు అక్కడే ఉందేమో అనిపిస్తోంది. బ్రిటన్‌లో వికలాంగుల వసతి గృహంలో ఏళ్ల తరబడి గడిపిన పాల్ హంట్, ఆయన మిత్రులు కలిసి 1970లలో ఒక మాట అన్నారు. ఒంట్లో ఉన్న లోపం ఒకటి, దాని మీద సమాజం తెచ్చిపెట్టే అడ్డంకి మరొకటి, మమ్మల్ని వికలాంగులను చేస్తున్నది ఆ రెండోది అన్నారు. మంత్రాలున్న లోకంలో మొదటిదాన్ని మాయం చేయడం తేలిక. రెండోదాన్ని మాయం చేసే మంత్రం రాయగలిగితే దానికి నేను మొదటి పాఠకుణ్ణి అవుతాను, మీ చెల్లెలు ఒప్పుకుంటేనే.

మాట సంగతి. 2015 డిసెంబరులో ప్రధాని రేడియో ప్రసంగంలో దివ్యాంగులు అనే మాట సూచించాక అది వాడుకలోకి వచ్చింది. ఆంధ్రలో విభిన్న ప్రతిభావంతులు అని శాఖకే పేరు పెట్టారు. గౌరవించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ దివ్యం అనగానే మళ్లీ ఆ వరం, ఆ శక్తి వెంట వస్తాయి. వద్దన్నవారు చాలామంది ఉన్నారు, కావాలన్నవారూ ఉన్నారు. నేను వికలాంగులు అనే రాస్తాను. మీ చెల్లెలు తనను తాను ఏమని చెప్పుకుంటుందో ఇన్నేళ్లలో మీరు అడిగారా? వెన్నెలపాడులో అందరినీ కలిపి పిలిచే మాటే లేకపోయినా ఫరవాలేదు. పొట్టివాళ్లను, ఎడమచేతి వాటం వాళ్లను పిలిచినట్టు పిలుచుకుంటారు.

చెల్లెలి దగ్గరకు వెళ్లేటప్పుడు క్షమాపణతో మొదలుపెట్టకండి. మీ బాధను ఓదార్చే పని మళ్లీ ఆమె మీదే పడుతుంది. తప్పులు దిద్దిపెట్టమనీ అడగకండి. వెన్నెలపాడు పటం ఒకటి గీసుకుని తీసుకువెళ్లి, నీ ఇల్లు ఎక్కడ ఉండాలి అని అడగండి. కొండ దిగువనే అనవచ్చు, అన్నిటికంటే ఎత్తున అనవచ్చు, నాకు నీ ఊళ్లో ఇల్లే వద్దు అనవచ్చు. మూడోది అంటే కాగితం అక్కడే వదిలి వచ్చేయండి. మూడు నెలలు ఆగిన మనిషికి ఇంకొంత సమయం కావాలి.

చివరి సందేహానికి మాత్రం నా దగ్గర తిన్నగా జవాబుంది. కర్ర వెదురుది పెట్టండి, కొండల్లో కొరత లేదు. అడుగున జారకుండా తోలు ముక్కలు పొరలు పొరలుగా కుట్టవచ్చు, అరిగితే మార్చుకోవచ్చు. పట్టుకునే పిడికి మీ పర్లాకిమిడి కొమ్ము ఉంది కదా! దువ్వెనలు, పక్షులు చేసే కొమ్ముపని వాళ్లను ఒకరిని పలకరించండి. కొమ్మును వేడి చేస్తే మెత్తబడుతుంది, కావలసిన వంపు తిప్పుకోవచ్చు, చల్లారాక ఆ వంపులోనే గట్టిపడుతుంది. నునుపు చేస్తే అరచేతికి ఒరుసుకోదు. వెళ్లేటప్పుడు చెల్లెలిని వెంట తీసుకువెళ్లండి, తనకు ఇష్టమైతే. పిడి కొలత తీసుకోవాలంటే ఆ చెయ్యి కావాలి.